నాన్న బొటనవేలి సంగతి బయటపెట్టింది నేనే

మా చిన్నప్పుడు... వేసవి సెలవులొస్తే మధ్యాహ్నం నాన్నకి కారేజీ పట్టుకెళ్ళే పని నాదే. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు. గుమ్మంలోకి రాకముందే టప్ టప్‌మని చప్పుడు వినిపించేది. ఒక చేత్తో చెక్క అచ్చు రంగులో అద్ది గుడ్డ మీద పెట్టడం, రెండో చేతి పిడికిలితో దాని వీపు మీద గుద్దడం... నాన్నకి రోజంతా అదే పని.

నల్ల గీతల అచ్చు నాన్నకే ఇచ్చేవారు. ముందు ఆ గీత తిన్నగా పడితేనే తర్వాత వేసే ఎరుపు దాని లోపల కుదురుతుంది. వెంట్రుకవాసి జరిగినా చీర పాడైనట్టే. షెడ్డులో ఆ మొదటి బల్ల నాన్నదని ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఇంకెవరూ అక్కడ నిలబడేవారు కాదు. నాకదో పెద్ద గొప్ప.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఇంట్లో కొత్త పద్ధతి మొదలైంది. అమ్మే అన్నం కలిపి, ముద్దలు చేసి నాన్న కంచంలో పెట్టేది. కారేజీలో కూడా ముద్దలే! పెద్దదానివయ్యావు, నీ అన్నం నువ్వే కలుపుకో అని నన్ను కసిరే మనిషి... నాన్నకి మాత్రం ఈ గారాబం ఏమిటని నాకు ఒకటే కుళ్ళు.

సాయంత్రాలు నాన్న వావిలాకు కాచిన నీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. బొటనవేలి మొదట్లో వాపు. ఈ సంగతి బయట ఎవరితోనూ అనొద్దంది అమ్మ. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకరోజు నేను కారేజీ పట్టుకెళ్ళేసరికి షెడ్డు ఓనరు గారు అక్కడే ఉన్నారు. సరదా మనిషి. అన్నం నువ్వే తింటావా, మీ అమ్మ పెట్టాలా అని నన్ను ఆటపట్టించారు. నాకు రోషం వచ్చింది.

"నేనే తింటానండి. మా నాన్నకే అమ్మ ముద్దలు చేసి పెడతాది. బొటనవేలు నొప్పంట, కలుపుకోలేడంట."

టప్ టప్‌లు ఆగిపోయాయి. ఓనరు గారు నాన్న దగ్గరికెళ్ళి, చెయ్యి తీసుకుని వేలి మొదట్లో నొక్కారు. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈమధ్య గీత ఎందుకు జరుగుతోందో ఇప్పుడర్థమైందన్నారాయన, మెల్లగానే.

మర్నాటి నుంచి ఆ బల్ల దగ్గర ఇంకొకాయన నిలబడ్డాడు. నాన్నని కాలవ గట్టున ఆరేసిన గుడ్డలు చూసుకునే పనికి పంపారు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం చర్చికి నడిచి వెళ్తుంటే, నా వల్లే కదా నాన్నా అని ఏడ్చేశాను.

"నేనే చెప్పలేక చస్తన్నానమ్మా. నువ్వు చెప్పేశావు. మంచిదేలే" అన్నాడు.

చిన్నపిల్లని ఓదార్చడానికి అన్నాడనుకున్నాను... నలభై ఏళ్ళుగా అలాగే అనుకుంటూ వచ్చాను.

ఇప్పుడు నేను గుడివాడ దగ్గర ఒక స్కూల్లో టీచర్ని. నా దస్తూరి బాగుంటుందని సర్టిఫికెట్ల మీద పేర్లన్నీ నాతోనే రాయిస్తారు. రెండేళ్ళ నుంచి నాకూ బొటనవేలి మొదట్లో నొప్పి. కీలు అరిగిందన్నారు డాక్టరు గారు. వేలికి కట్టుకోమని పట్టీ ఇచ్చారు. అది నా బ్యాగులోనే ఉంటుంది, స్కూల్లో ఎప్పుడూ పెట్టుకోను. వాటర్ బాటిల్ మూత రాకపోతే దాహం వెయ్యట్లేదంటాను. చాక్‌పీసు జారితే నవ్వేస్తాను.

పోయిన వారం వంద సర్టిఫికెట్లు తెచ్చి ముందు పెట్టారు. రాసిస్తానన్నాను. పళ్ళ బిగువున రాశాను... నలభైకి వచ్చేసరికి అక్షరాలు గీత దిగిపోయాయి. ఎవరైనా చూస్తారేమోనని ఆ కాగితాలు అడుగున పెట్టేశాను. అప్పుడు తెలిసింది, నాన్న నన్ను ఓదార్చలేదు, నిజమే చెప్పాడని. నాన్న ఉంటే ఈ మాట ఆయనతోనే చెప్పేదాన్ని.

ఇప్పుడు మందులున్నాయి, పట్టీలున్నాయి, ఫోన్లోనే డాక్టర్లున్నారు. అయినా చేత కావట్లేదనే ఒక్క మాట నోటంట రావడం నాన్న రోజుల్లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే... మీ ఇళ్ళల్లో ఇలా నొప్పి దాచుకుని పని చేసిన చేతులెవరివి? కింద రాయండి.

మా హెడ్మాస్టరు గారు కూడా ఈ పోస్టు చూస్తారు. సార్, మిగతా అరవై నేను రాయలేనండి.