యాడికి, పెద్దాయనా?

మా ఇంట్లో బయటికి వెళ్లే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని చెడుతుందని నమ్మకం. తప్పనిసరైతే "దూరమా?" అని అడుగుతాం. కాపురానికి వచ్చిన కొత్తలో నేనొకసారి తెలియక మా ఆయనను గుమ్మంలో ఎక్కడికని అడిగాను. ఆయన చెప్పులు విప్పి లోపలికొచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరాడు. ఆ పట్టింపు నాకు నేర్పింది మా అత్త. అదే అత్త నా కొడుకుని మాత్రం పొద్దున లేచింది మొదలు అదే మాట అడిగేది.

"ఏమయ్యా పెద్దాయనా, యాడికి బోతా ఉండావు?"

వాడికి అప్పుడు మూడేళ్లు. అడుగులు వచ్చిన రోజు నుంచి వాడికి నడక లేదు, పరుగే. ఎవరు పిలిచినా, ఎంత అరిచినా ఆగడు. ఈ ప్రశ్నకు మాత్రం ఆగేవాడు. తనను పెద్దమనిషిని చేసి అడిగినందుకు కాబోలు, వెనక్కి తిరిగి నడుం మీద చెయ్యి వేసుకుని "తిరుపతికి!" అనేవాడు. "దూరం కదా నాయనా, ఒక ముద్ద తిని పో" అని ఆమె నోట్లో ముద్ద పెట్టేది. మళ్లీ పరుగు, మళ్లీ ప్రశ్న. ఈసారి "నగరికి!" ఇంకో ముద్ద. గిన్నెలో అన్నం అయిపోయేసరికి వాడు అటు ఆంధ్రా, ఇటు మద్రాసు అన్నీ తిరిగి వచ్చేవాడు.

అత్త చేతిలో వాడు బుద్ధిమంతుడిగా ఉండేవాడని చెప్పడం లేదు. బియ్యం డబ్బా బోర్లించేవాడు, మేడ మీద పిట్టగోడ ఎక్కేవాడు, పక్కింటి పాప చెంప రక్తం వచ్చేలా కొరికాడు. ఆమె కూడా సాయంత్రానికి వాణ్ణి నా మీద పడేసి, "నీ కొడుకు నీకు, నా ప్రాణం నాకు" అని గోడకు ఆనుకుని కూలబడేది. కానీ ఆమె ఉండబట్టే నేను తమిళనాడు సరిహద్దులోని మా తిరుత్తణిలో లోకల్ రైలెక్కి తిరువళ్లూరులో ఆడిటర్ ఆఫీసు పనికి వెళ్లగలిగాను. వాడు ఆగే గొంతు ఇంట్లో ఒకటి ఉందన్న ధైర్యంతో వెళ్లాను.

చుట్టాల సలహాలకు కొదవ లేదు. మా ఊరి కొండ మీద గుండు కొట్టించమన్నారు, కొట్టించాం. ఇద్దరం గట్టిగా పట్టుకున్నా వాడు తల తిప్పేస్తే క్షవరం చేసే మనిషి భయపడి కత్తి పక్కన పెట్టేశాడు. సగం గుండుతో ఏడుస్తున్న పిల్లవాణ్ణి చూసి క్యూలో జనం నవ్వారు. దిష్టి అన్నవాళ్లున్నారు. నాలుగు తగిలిస్తే దారికొస్తాడని మాత్రం అందరూ అన్నారు. మా ఆయన ఆ సలహా కూడా పాటించాడు.

నాలుగో ఏట ఎల్‌కేజీలో వేశాం. చేరిన కొన్నాళ్లకే మిస్సు మమ్మల్ని పిలిపించింది. మా అబ్బాయి కూర్చోడు, ఇతర పిల్లల పెన్సిళ్లు విరిచేస్తాడు, తలుపు తీస్తే బయట ఉంటాడు అని చెప్పి, ఒక ప్రశ్న వేసింది.

"వీట్ల ఎన్న భాష పేసురీంగ?"

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. తెలుగు అని చెప్పాం. ఆమెకు జబ్బు దొరికిపోయినట్టు ముఖం వెలిగింది. ఇంట్లో ఒకటి, బళ్లో ఒకటి అయితే పిల్లవాడికి తికమక అంది. కూర్చోమంటే వాడికి అర్థం కావడం లేదు, అందుకే తిరుగుతున్నాడు అంది. ఇంట్లో తమిళం ఒక్కటే మాట్లాడండి, ఏడాది చివరికి మారకపోతే వేరే బడి చూసుకోండి అని తేల్చేసింది.

మా ఊళ్లో కూరలమ్మే ఆమె తమిళంలో ధర చెప్పి తెలుగులో తిడుతుంది. రెండు భాషలతో పుట్టి పెరిగిన వాళ్లం మేమంతా. అందువల్ల ఎవరూ పిచ్చెత్తి రోడ్డు మీదికి పరిగెత్తలేదు. ఆ మాట ఆమె ముఖాన అనాల్సింది, నోటిదాకా వచ్చింది, అనలేదు. అనకపోవడానికి కారణం భయం కంటే ఆశ. జబ్బయితే ఎన్నాళ్లుంటుందో, ఎక్కడికి పోవాలో తెలియదు. తెలుగే అయితే మానేస్తే పోతుంది. అంత సులువుగా పోయే కష్టం ఎదురైతే వద్దనడానికి ఏ తల్లికి మనసొస్తుంది?

మా ఆయన ఆ సాయంత్రమే కట్టడి పెట్టాడు. ఆయన చదివిందంతా తమిళంలోనే, తెలుగు అక్షరం రాదు. నేను పుత్తూరులో తెలుగు బళ్లో చదువుకున్నదాన్ని కాబట్టి నా వైపు చూసి మరీ చెప్పాడు.

"తెలుగేమన్నా మనకు కూడు పెడతా ఉందా? ఈ పొద్దు నించి వానితో ఎవురూ తెలుగు మాట్లాడొద్దు. అమ్మా, నీకే చెప్పేది."

అత్తకు తమిళం రాక కాదు. రేషన్ షాపులో తమిళంలో పోట్లాడి గెలిచే మనిషి. కానీ పిల్లవాణ్ణి బుజ్జగించే మాటలు ఆమెకు తమిళంలో లేవు. ఎన్నడూ అవసరం పడలేదు. అయినా ప్రయత్నించింది. మర్నాడు అన్నం గిన్నె పట్టుకుని "ఎంగ పోరే, పెరియవరే?" అంది. అదే ప్రశ్న. వాడు ఒకసారి ఆమె ముఖంలోకి చూశాడు, పరుగు ఆపలేదు. ఇంకెవరినో అడిగిందనుకున్నాడో ఏమో. కొన్నాళ్లు అలాగే అడిగి చూసి, చిన్నబోయి మానేసింది. తర్వాత తర్వాత మా ఇంట్లో వాడికి వినబడే తమిళమంతా కూర్చో, వద్దు, ఇటు రా అన్నవే. అన్నం కూడా వాణ్ణి కాళ్ల మధ్య బిగించి పెట్టాల్సి వచ్చేది.

బళ్లో ఏమీ మారలేదు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే వాడి చీలమండ చుట్టూ కమిలిన గీత కనబడింది. ఆయా తువ్వాలుతో కుర్చీకి కట్టేస్తోందట. పోయి అడిగితే, గేటు దాటి పోకుండా వాడి మంచికేనని మిస్సు నింపాదిగా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ చేతిలో ఇంకో బడి లేదు, నోరు మూసుకుని వచ్చేశాను.

బడి మధ్యాహ్నం వదులుతారు. తీసుకురావడం అత్త పని. ఆ రోజు గేటు తెరిచీ తెరవకముందే వాడు సందులోంచి జారి రోడ్డు వైపు పరుగు తీశాడు. మిస్సు గేటు దగ్గరే నిలబడి ఉంది. షేర్ ఆటో వేగంగా వస్తోంది. వాడి కాలు విరిగింది.

ఆసుపత్రిలో నేను చేరేసరికి అత్త వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుంది.

"నోట్లోకి వచ్చిందమ్మణ్ణీ. యాడికి పెద్దాయనా అని గొంతుదాకా వచ్చె. ఆ మిస్సు నన్నే చూస్తా ఉండె. మింగేసినాను. అరవంలో ఏమనాల్నో తడుముకునే లోపల..."

మా ఆయన అప్పుడే లోపలి నుంచి వచ్చాడు. బిడ్డ అరుపులు విని వచ్చిన మనిషి, ఎవరి మీదో ఒకరి మీద విరుచుకుపడాలి.

"బయటికి పొయ్యే బిడ్డను ఇన్నేండ్లు యాడికి యాడికి అని అడగతా ఉంటే ఇంకేమవుతుందిమా?"

ఆ మాటను తనే నెలల తరబడి ఆమె నోట రాకుండా చేశాడని ఆ క్షణంలో ఆయనకు గుర్తు లేదు. ఆమె గుర్తు చేయలేదు. తల వంచుకుంది. నేను ఆయనను ఏమన్నానో ఇక్కడ రాయను, వరండాలో ఉన్నవాళ్లంతా విన్నారు.

నిమిషం కుదురులేని పిల్లవాడికి పిండికట్టు. కట్టుతో గోడను తన్నేవాడు, గోకి గోకి వేళ్లు పుండ్లు చేసుకున్నాడు, మంచం మీద నుంచి రెండుసార్లు దొర్లిపడ్డాడు. నేను ఉద్యోగం మానేశాను. మా ఆయన ఓపిక పట్టలేక ఒకసారి కట్టు ఉన్న కాలి మీదే కొట్టి, తర్వాత పెరట్లోకి పోయి ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. అత్త వాడి పక్కనే కూర్చుని విసురుతూ ఉండేది, మాట మాత్రం లేదు.

కట్టు విప్పిన డాక్టరు వాడి వాలకం చూసి తిరువళ్లూరులో పిల్లల మానసిక డాక్టరు దగ్గరికి పంపాడు. ఆమె వాణ్ణి గదిలో వదిలేసి చూస్తూ మాతో మాట్లాడింది. ఆ కాసేపట్లో వాడు కుంటుతూనే బల్ల కిందికి దూరాడు, సొరుగులు లాగాడు, ఫ్యాను స్విచ్చు వేసి తీసి వేసి తీశాడు. ఇంకో రెండు మూడుసార్లు రప్పించుకుని చూశాక పేరు చెప్పింది. ఏడీహెచ్‌డీ. మొండితనం కాదు, పెంపకంలో లోపం కాదు, వాడి మెదడు నడిచే తీరే అది అంది. ఈ వయసులో మాత్రలకంటే ముందు పెద్దవాళ్లకు శిక్షణ, వారం వారం రండి అంది.

"ఇంట్లో తెలుగు ఎప్పుడో ఆపేశాం డాక్టర్" అన్నాడు మా ఆయన, మంచి మార్కులు వచ్చిన పిల్లవాడిలా.

ఆమె రాస్తున్నది ఆపింది. భాషకూ దీనికీ సంబంధం లేదు, ఎవరు ఆపమన్నారు అని అడిగింది. బళ్లో మిస్సు అని చెప్పాం. ఇంట్లో ఎవరి మాటకు ఆగుతాడని అడిగింది. నేనే, ఒకప్పుడు వాళ్ల అవ్వ పిలిస్తే ఆగేవాడన్నాను.

"అయితే ఆమెను తీసుకురండి. వీడి పరుగు ఇప్పట్లో తగ్గదు. రోడ్డు దగ్గర వీడు ఆగే గొంతు ఒక్కటైనా ఉండాలి" అంది.

ఇంటికి రాగానే మా ఆయన, "ఇంక తెలుగులోనే మాట్లాడుకోమా" అన్నాడు, సెలవు ఇస్తున్నట్టు. అత్త బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు. నేను పక్కన కూర్చుని బతిమాలాను.

"నువ్వు అడుగత్తా. నీ మాటకే ఆగుతాడు."

"అడగనమ్మణ్ణీ. పొయ్యేవాళ్లని అడగరాదని ఊరికంతా చెప్తిని, నా మనవణ్ణి నేనే అడిగితిని. ఆ పాపమే వాని కాలికి తగిలింది. మళ్లీ నా నోటితో అడగను."

డాక్టరు చెప్పినదంతా చెప్పాను. తప్పు ఆటో వేగానిదన్నాను, గేటు దగ్గర పట్టుకోని బడివాళ్లదన్నాను. నీ కొడుకు నోటి దురుసు తప్ప నీ పాపం ఏమీ లేదన్నాను. ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. తిరువళ్లూరుకు మాత్రం వాడి కోసం వస్తానంది.

అలా ముగ్గురం వారం వారం వెళ్లేవాళ్లం. శిక్షణ ఇచ్చే అమ్మాయి పిలవడం, ఆగడం, ఆగితే మెచ్చుకోవడం ఆటగా నేర్పించేది. వాడు కొన్నిసార్లు ఆగేవాడు, ఎక్కువసార్లు ఆగేవాడు కాదు. అత్త మూలన కూర్చుని చూసేది. అడగమంటే తల అడ్డంగా ఊపేది.

ఒక సాయంత్రం తిరువళ్లూరు ప్లాట్‌ఫారం మీద మా లోకల్ కోసం నిలబడ్డాం. ఇక్కడ ఆగని ఎక్స్‌ప్రెస్ వస్తోంది, వెనక్కి జరగండని మైకులో చెబుతున్నారు. నా చేతి చెమటలో వాడి చెయ్యి ఎలా జారిందో తెలియదు. ప్లాట్‌ఫారం అంచు వెంబడే పరుగు తీశాడు, రైలు వచ్చే వైపు. నేను అరుస్తూ పరిగెత్తాను. నా వెనక నుంచి అంతకంటే పెద్ద గొంతు వినబడింది.

"పెద్దాయనా! యాడికి?"

ప్లాట్‌ఫారం మీద ఉన్న జనమంతా తిరిగి చూశారు. వాడు తిరగలేదు. కనీసం వేగం తగ్గలేదు. అరటిపళ్ల బుట్ట ముందు కూర్చున్న ఒకామె చెయ్యి చాచి చొక్కా దొరకబుచ్చుకుని ఒళ్లోకి లాక్కుంది. ఎక్స్‌ప్రెస్ మా చీరలు ఎగరేసుకుంటూ పోయింది. వాడు నవ్వుతున్నాడు. నేను పోయి ఆమె ఒళ్లోంచి వాణ్ణి తీసుకున్నాను.

లోకల్‌లో వాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టి ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం. తిరువాలంగాడు స్టేషను దాటింది. అత్త వాడి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"యాడికి బోతివి, పెద్దాయనా?"

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. వాడు అంతసేపు ఒక్క విషయం ఆలోచించడం నేను ఎప్పుడూ చూడలేదు.

"తెరియాదు" అన్నాడు. తెలియదని.

నాకు దుఃఖం ఆగలేదు. అత్త ఏడవలేదు. వాడి గడ్డం మీద చెయ్యి అలాగే ఉంచి, మెల్లగా, నేర్పిస్తున్నట్టు అంది.

"తిరుపతికి అని చెప్పు నాయనా. తిరుపతికి."

వాడు అప్పటికే కిటికీ వైపు తిరిగిపోయాడు.