అంబలికి అనుమతి

మునిరత్నమ్మకు వారం రోజులుగా కాలు నిలవడం లేదు. గుంటమగ్గంలో దిగి కూర్చుంటుంది. నాలుగుసార్లు నాడె విసిరేలోగా పోగు తెగుతుంది. దాన్ని అతకకుండానే లేచి వాకిట్లోకి వస్తుంది, వీధి ఈ చివరా ఆ చివరా చూస్తుంది, చూడ్డానికి అక్కడేమీ లేక మళ్లీ లోపలికి పోతుంది. కాలు కాలిన పిల్లి అయినా ఏదో ఒక మూల కాసేపు కూర్చుంటుందేమో గానీ ఈవిడ కూర్చోదు.

అట్లాగని ఆమెది నిలకడ లేని స్వభావం కాదు. తమిళనాడులో గుడియాత్తం నేతగాళ్ల వీధిలో అరవై రెండేళ్ల మనిషి. ఊళ్లో సగంమంది మగవాళ్ల నడుముకు ఉన్నది మా అత్త నేసిన కైలీ లుంగీయేనని కోడలు శశికళ ఎగతాళి చేస్తుంది. మొగుడు అంజప్ప పోయిన పదహారో రోజు మగ్గంలో దిగి, పొద్దుగూకే వేళకు లుంగీ గుడ్డ కోసుకుని మరీ లేచిన గట్టి గుండె. అలాంటిదాన్ని ఒక కాగితం పట్టుకు ఊపేసింది.

సంగతి అంబలిది. ఆడి నెల, అంటే అరవ ఆషాఢం, మూడో ఆదివారం గంగమ్మ పేరు చెప్పి వీధిలో అంబలి పోయడం ఆ ఇంటి మొక్కు. ఎప్పుడో కలరా వచ్చి వీధి రెండు చివర్లా పాడెలు లేచిన ఏడు, ఆ ఇంటి పెద్దావిడ ఒకామె మొక్కుకుందట: ఈ వీధిని వదిలిపెట్టు తల్లీ, మా గడప ఉన్నంతకాలం అడిగినవాడికల్లా అంబలి పోస్తాం అని. అత్త కృష్ణమ్మ గరిటె చేతికిచ్చేనాటికి మునిరత్నమ్మకు ఇరవై అయిదేళ్లు. ఈ ముప్పై ఏడేళ్లలో ఒక్క ఏడూ తప్పలేదు. కరోనా ఏడు కూడా తలుపు సందులోంచి నలుగురికే పోసింది, కానీ పోసింది.

ఈ ఏడు మాత్రం వీధి మొగలో కరెంటు స్తంభానికి నోటీసు అంటించారు. వీధిలో పొయ్యి పెట్టాలన్నా, పూజ చెయ్యాలన్నా, పదిమందికి ఏదైనా పంచాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలట. శశికళ చదివి వినిపిస్తే మునిరత్నమ్మకు ముందు అర్థమే కాలేదు.

"మనం ఎవుర్నీ ఏమీ అడగతా లేమే. పెడతా ఉండాము గదా. పెట్టేదానికీ అడగాల్నా?"

"అడగందే అమ్మయినా పెట్టదంటారు గదత్తా. ఒక మను రాసి పారేస్తే పోతుంది," అంది శశికళ. మను అంటే అర్జీ. ఇంట్లో అందరిదీ తెలుగు మాటే గానీ, రాత మాత్రం అరవం. తెలుగు అక్షరం ఎవరికీ రాదు. నోటితో అనుకునే తెలుగు మాటనే అరవ అక్షరాల్లో పెట్టి రాయడం వాళ్లకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. శశికళ కూడా అలాగే రాసింది. అంబలిని అరవంలో కూళ్ అనాలని ఆ తొందరలో ఆమెకు తట్టలేదు. పైగా కాగితం అంచు వచ్చేసరికి 'అం' ఒక వరస చివర పడింది, 'బలి' కింది వరస మొదట్లో పడింది.

అక్కడ తెగింది పోగు. ఆఫీసులో చదివినవాడి కళ్లు కింది వరస మీదే పడ్డాయి. అయిదో రోజుకు జవాబు వచ్చింది: బహిరంగంగా బలి ఇవ్వడం నిషేధం, అర్జీ తిరస్కరించడమైనది, మీరితే చర్య తప్పదు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక్కడ రాగిపిండి కలిపితే నెత్తురనేశారు. ఈగను తోలడానికే తప్ప చెయ్యెత్తని మునిరత్నమ్మ, "నేను బలి ఇస్తానా? నేనా?" అని వీధంతా తిరిగి అడిగింది. ఆమెకు కోపం కంటే భయం ఎక్కువైంది. ఆదివారం ఇంకా మూడు రోజులే ఉంది. తన చేతుల్లో మొక్కు తప్పితే, వీధిలో ఏ ఇంట్లో ఎవరికి జ్వరం తగిలినా అది తన తలకే చుట్టుకుంటుందని ఆమె గట్టిగా నమ్ముతుంది.

గురువారం అత్తాకోడళ్లిద్దరూ వేలూరు బస్సెక్కారు. జవాబు పంపిన పెద్ద ఆఫీసులో, మూడో బల్ల దగ్గర అరుణాచలం అనే గుమాస్తా దొరికాడు. ఆయన కాసేపు అరవంలో మాట్లాడి, శశికళ అత్తతో గుసగుసలాడిన భాష విని తెలుగులోకి దిగాడు.

"బలి అని ఉండాదే అమ్మా."

"బలి కాదు సామీ, అంబలి. నువ్వూ తెలుగోడివే గదా. మీ ఇండ్లో ఏమంటారు దాన్ని?"

"మా ఇండ్లోనూ అంబలే," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఆఫీసులో కూళ్ అనాల. వేరే మను రాయండి. ఇంగ ముందు రాసింది కంప్యూటర్లో ఎక్కిపోయింది గదా, బలి ఇయ్యనని ఒక హామీ కూడా రాసియ్యాల."

"ఇచ్చింటే గదప్పా, ఇయ్యనని రాసేది?"

"రాస్తే పని అవతాది. లేకుంటే వచ్చే వారం రండి."

వచ్చే వారానికి ఆదివారం దాటిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! మునిరత్నమ్మ ఎన్నడూ చెయ్యని పనిని ఇకమీదట చెయ్యనని హామీ రాసి, వంకర టింకర అరవ అక్షరాల్లో సంతకం పెట్టింది. మధ్యాహ్నానికి అనుమతి చేతికొచ్చింది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకానే. పంబ డోలు మోగించరాదు. వందమందికి మించరాదు. ఒక పోలీసు ఉండి చూసుకుంటాడు. శశికళ సంతోషపడింది. మునిరత్నమ్మ బస్సులో ఆ కాగితాన్ని విప్పుతూ మడుస్తూ ఇంటిదాకా వచ్చింది. దొరికినందుకు ఏడుపెందుకు వస్తోందో ఆమెకే తెలియలేదు.

ఆదివారం ఏడింటికి బాలచంద్రన్ అనే కానిస్టేబుల్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చెప్పులు దూరంగా విప్పి, వేసిన కుర్చీలో కూర్చుని, చేతిగడియారం చూసుకున్నాడు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికైనా వీలుండేది.

"పొయ్యి ఈడ పెట్టొచ్చునా సార్?" అని అడిగింది మునిరత్నమ్మ. అతను తల ఊపాడు. "వేపాకు ఈ గుంజకు కట్టుకోవచ్చునా సార్?" ఊపాడు. కడవను వాకిట్లోకి జరపడానికీ, సాంబ్రాణి వెయ్యడానికీ కూడా అడిగింది. ఏది తప్పో ఏది ఒప్పో తెలియనివాళ్లు అన్నీ అడుగుతారు. శశికళ మోచేత్తో పొడిచినా ఆగలేదు.

ఎనిమిది ముప్పావుకు అంతా సిద్ధమైంది. నూకలు వేసి కాచి, పులియబెట్టిన రాగి అంబలి కడవనిండా ఉంది. పక్కన ఉల్లిపాయలు, మునగాకు వేపుడు. ఆడవాళ్లు చెంబులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. అయితే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఊరికే పోయరు. గరిటె ముంచి, వేపాకు చుట్టి గంగమ్మగా నిలిపిన కరగం కుండ వైపు తిరిగి, "పోసేదా తల్లీ?" అని మూడుసార్లు అడగాలి. అడిగిన ప్రతిసారీ అమ్మవారి తరఫున వీధి బదులు చెప్పాలి. మూడో బదులు వచ్చాకే మొదటి గరిటె.

మునిరత్నమ్మ గరిటె ముంచింది.

"పోసేదా తల్లీ?"

"పొయ్యి తల్లీ, పొయ్యి!" అంది వీధి.

"పోసేదా తల్లీ?"

"పొయ్యి తల్లీ, పొయ్యి!"

అప్పుడే బాలచంద్రన్ కుర్చీ కిర్రుమంది. అతను టైము చూసుకున్నాడు. ఆమె మెడ అటు తిరిగింది.

"పోసేదా సార్?"

పాపం, అతను మామూలుగానే తల ఊపాడు. "పొయ్యండమ్మా," అన్నాడు.

గరిటెలోంచి అంబలి మునిరత్నమ్మ పాదాల మీద చిందింది. హామీ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. అమ్మను అడగాల్సిన మాట తన నోరే తీసుకెళ్లి కుర్చీలో ఉన్నవాడి ముందు పెట్టింది. ముప్పై ఏడేళ్ల మాటను పాడు చెయ్యడానికి ఆఫీసువాళ్లకు ఒక్క వారం చాలింది.

గరిటెలో ఉన్నదాన్ని కడవలోకి వంపేసింది. ఇంట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుంది, తల మీద నీళ్లు చల్లుకుంది, తొందర లేకుండా తుడుచుకుంది. బయటికి వచ్చి కొంగు బిగించింది.

"టైము అవతా ఉండాదమ్మా," అన్నాడు బాలచంద్రన్ నెమ్మదిగా.

"కానీలే నాయనా."

ఆమె కరగానికి ఎదురుగా, కుర్చీకి వీపు పెట్టి నిలబడింది. మొదటి నుంచీ మొదలుపెట్టింది. ఒక్కొక్కసారి అడిగి, వీధి చివరింటి ముసలమ్మ గొంతు కూడా కలిసేదాకా ఆగింది. మూడో బదులు వీధి దద్దరిల్లేలా వచ్చింది. మొదటి చెంబు నిండేసరికి తొమ్మిది దాటి నాలుగు నిమిషాలైంది.

బాలచంద్రన్ లేచి నిలబడ్డాడు. వరస ఇంకా వీధి మలుపు దాకా ఉంది. సెల్‌ఫోనులో ఒక ఫొటో తీసుకుని దగ్గరికి వచ్చాడు. "నేను రాయక తప్పదమ్మా," అన్నాడు. "రాస్తే వచ్చే ఏడు మీకు పర్మిషన్ దొరకదు."

మునిరత్నమ్మ గరిటె ఆపలేదు.

"అడిగితే గదా నాయనా, దొరక్కపోయేది," అని, తర్వాతి ఆవిడను చెంబు పట్టమంది.