పాలరాతి మంటపానికి పసుపు బొట్లు

మాంద్యం ముదిరిన ఆ రోజుల్లో డబ్లిన్‌లో ఎవరేం చదివారన్నది ఎవరికీ పట్టేది కాదు. మైక్రోబయాలజీ చదివిన నేను నగర శివారు క్లాండాల్కిన్‌లో పెళ్లి స్టేజీలు అద్దెకిచ్చే ఒక తెలుగు అంకుల్ గోడౌన్‌లో చేరి, థర్మోకోల్, ప్లాస్టర్‌తో మొఘలుల పాలరాతి మంటపం కట్టే మనిషినయ్యాను. నలుగురిలో నోరు విప్పలేను కనుక నా మాటలన్నీ డైరీకే. పుస్తకాల పిచ్చి ఉంది కనుక లైబ్రరీలో మొఘల్ మహళ్ల బొమ్మలు చూసి, అంచులు రేకుల్లా విచ్చుకునే కమానులు, జల్లెడలాంటి జాలీ కిటికీలు కోసి, స్తంభాల అడుగున రంగురాళ్లు పొదిగినట్టే కనిపించే లిల్లీలు సన్నకుంచెతో వేశాను. (మధ్యలో నెమళ్లు పెట్టమన్నారు అంకుల్. చక్రవర్తి అడిగినా పెట్టనన్నాను, డైరీతో.) తమ దగ్గర జరిగే పెళ్లిళ్లకి దాన్ని అద్దెకు తీసుకుందామని ఒక హోటల్ మేనేజరమ్మ చూడడానికి వస్తోందన్నారు. ఆమెకు నచ్చితే నా ఉద్యోగం ఖాయం. లేకపోతే వీసా అయిపోగానే ఇంటికి తిరుగుటపా.

ఆమె వచ్చే రోజు ఉదయం తలుపు తీసేసరికి అంకుల్‌గారి భార్య నా తెల్లటి స్తంభాలన్నిటికీ పసుపు పూసి, కుంకుమ బొట్లు పెడుతున్నారు.

"ఆంటీ, ఏం చేస్తున్నారు?"

"కొత్త మంటపం గద బిడ్డా. బొట్లు లేకుంటె బోడిగుంటది. దిష్టి తగుల్తది."

"ఇది మొఘల్ ప్యాలెస్ ఆంటీ!"

"అయితేంది? రాజుల ఇంటికి దిష్టి తగలదా?"

తడిగుడ్డతో తుడిస్తే పసుపు ప్లాస్టర్‌లోకి ఇంకా ఇంకింది. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. "ఒక్కో రేకూ నా చేత్తో వేశాను! మీ బొట్లు ఫ్రిజ్‌కి పెట్టుకోండి, కారుకి పెట్టుకోండి, అంకుల్‌కి పెట్టుకోండి! నా స్తంభాల జోలికి రాకండి!"

ఆంటీ కుంకుమ వేలు గాల్లోనే ఆపి, "అగో, ఈ పిల్లకు నోరున్నది!" అని అంకుల్‌ని కేకేశారు.

సరిగ్గా అప్పుడే మేనేజరమ్మ వచ్చింది. లిల్లీలను దాటుకుంటూ వెళ్లిపోయి (కనీసం తల తిప్పలేదు) బొట్ల దగ్గర ఆగింది. "గ్రాండ్! ఈ ఎర్రరాళ్లు ఎంత బాగా పొదిగారు! ఆ పూలు తీసేసి అంతటా ఇవే పెట్టగలరా?"

"తప్పకుండా మేడమ్, మా అమ్మాయి ఇందులో స్పెషలిస్టు," అని ఆమెతో ఇంగ్లీషులో అని, అంకుల్ నా చెవి దగ్గర, "జర నవ్వు బిడ్డా, నీకు దండం పెడ్త," అన్నారు.

ఉద్యోగం ఖాయమైంది. లిల్లీల మీద తెల్లరంగు కొట్టి, ఆ సీజనంతా మొఘల్ మంటపాలకు బొట్లు పెట్టాను, ప్రతి బొట్టుకీ పళ్లు నూరుతూ. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. కానీ గోడౌన్ మధ్యలో తడిగుడ్డ పట్టుకుని ఊగిపోతున్న ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం, వెనకే నిలబడి "ఇంకాస్త గట్టిగా అరవమ్మా" అనాలనిపిస్తుంది.