నోరు ఆయనది, గొంతు ఇంకొకరిది

నేను శాంటా క్లారాలో దిగింది డెబ్భై ఎనిమిదిలో. డిగ్రీ చదివాను, అందులో ఇంగ్లీషు కూడా ఉంది. అయినా గ్రోసరీ స్టోర్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయి "హౌ ఆర్ యూ" అంటే నిజంగానే ఎలా ఉన్నానో చెప్పేదాన్ని. నా వెనక లైను పెరిగేది. ఒకరోజు మా ఆయన కూడా లైనులో ఉండి అదంతా విన్నారు.

"నడుం నొప్పి సంగతి ఆవిడకెందుకే?" అన్నారు కారెక్కాక.

"అడిగింది కదండీ."

ఆ మరుసటి వారమే నన్ను పెద్దవాళ్లకి ఇంగ్లీషు నేర్పే క్లాసులో చేర్పించారు. వారానికి మూడు రోజులు, పొద్దున పూట. మొదటి రోజు టీచరు ఒక్కొక్కరినీ లేపి, వాళ్ల దేశంలో ఏం పని చేసేవారో చెప్పమంది. నేను "హౌస్‌వైఫ్" అని చెప్పి కూర్చున్నాను. నా పక్క కుర్చీలో బక్కగా, పొడుగ్గా, నల్లకోటు వేసుకున్న పెద్దాయన లేచాడు. అరవై దాటి ఉంటాయి. నిలువు బొట్టు పెడితే మా ఊరి సబ్ రిజిస్ట్రార్‌లా ఉంటాడు.

"ఐ డై" అన్నాడు.

టీచరు కంగారుపడింది. "మీకు ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఐ డై. సిక్స్టీ టూ టైమ్స్."

నాలుగైదు ప్రశ్నలయ్యాక అసలు సంగతి తేలింది. ఆయనది స్పెయిన్. యాభైల్లో, అరవైల్లో అక్కడి సినిమాల్లో చిన్నచిన్న వేషాలు వేసేవాడు. హోటల్ గుమాస్తా, మందుల షాపాయన, స్టేషన్ మాస్టరు, సార్జెంటు. చాలా వేషాల్లో మూడో రీలు దాటేసరికి పోయేవాడు. అలా పోయింది అరవై రెండుసార్లు. టీచరు బ్లాక్‌బోర్డు మీద "ఐ హావ్ డైడ్ సిక్స్టీ టూ టైమ్స్" అని రాసింది. ఆ రోజు గ్రామరు పాఠం అదే. క్లాసంతా గొంతెత్తి మూడుసార్లు చదివాం.

తిరుగు బస్సులో ఇద్దరిదీ ఒకే దారి. ఆయన కూతురి ఇంట్లో ఉండేవాడు, మా అపార్ట్‌మెంట్ కంటే రెండు స్టాపులు ముందు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి కూడా సరిపోదు. కానీ ఆయనకి చేతులున్నాయి. ఏం చెప్పినా చేతులతో చెప్పేవాడు. స్పెయిన్‌లో దక్షిణాన ఎడారిలాంటి చోట విదేశీ కంపెనీలు కౌబాయ్ సినిమాలు తీసేవట. వాటిలో ఈయన టెలిగ్రాఫ్ ఆపరేటరు. తలుపు తెరుచుకుంటుంది, ఈయన తలెత్తుతాడు, పడిపోతాడు. "తలెత్తడం ముఖ్యం" అని చెప్పాడు. "పడటం ఎవరైనా పడతారు."

రెండు నెలలు పోయాక ఒకరోజు టీచరు క్లాసులోకి వస్తూనే ఆయన మీద విరుచుకుపడింది. వారాంతంలో టీవీలో ఆయన సినిమా చూసిందట. "అందులో ఎంత చక్కటి ఇంగ్లీషు మాట్లాడారు! ఇక్కడికొచ్చి ఏమీ రానట్టు నటిస్తున్నారా?"

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఆ నోరు నాదే మేడమ్. గొంతు ఎవరిదో నాకు తెలీదు."

ఆ సంగతి నాకు వెంటనే అర్థమైంది. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగినదాన్ని. టీచరుకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ తర్వాత కూడా ఆయన హోంవర్కు కాస్త అనుమానంగానే దిద్దేది.

ఎనభై ఒకటి ఉగాదికి మా తెలుగువాళ్లు ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని నాటకం వేద్దామనుకున్నారు. రాసింది మా ఆయన. డైరెక్షన్ మా ఆయన. హీరో కూడా ఆయనే, ఇంకెవరికీ అన్ని డైలాగులు బట్టీపట్టే తీరిక లేదని. అందులో హీరో తండ్రికి జబ్బు చేస్తుంది. డాక్టరు వస్తాడు, నాడి చూస్తాడు, "ఇంక నా చేతుల్లో ఏమీ లేదు" అంటాడు, వెళ్లిపోతాడు. డాక్టరు వేషం వేయాల్సిన ఆయన, ట్రాయ్ అనే ఊళ్లో కార్ల కంపెనీ ఉద్యోగం వచ్చి, రెండు వారాల ముందు సామాను సర్దుకున్నాడు.

"నా క్లాసులో ఒకాయన ఉన్నారండీ" అన్నాను.

"తెలుగు నాటకంలో తెల్లాయనా?"

"మిషనాసుపత్రుల్లో దొరలు లేరూ?"

మా ఆయన, దీనివల్ల నాటకానికి అదనంగా ఖర్చేమీ లేదని తేల్చుకుని సరేనన్నారు.

బస్సులో పెద్దాయనకి చెప్పాను, ఆ డైలాగు అర్థంతో సహా. విని తలూపాడు. "డాక్టరు వేషం పదకొండుసార్లు వేశాను. పదకొండుసార్లూ ఇదే మాట" అన్నాడు. అవి ఆయన చావని సినిమాలట.

డైలాగు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. మర్నాడు వచ్చి "ఇంక నా చేతుయో ఏమీ లేదు" అని అప్పజెప్పాడు. వాళ్ల భాషలో రెండు ఎల్ అక్షరాలు పక్కపక్కన ఉంటే 'య' అని పలుకుతారట. ఒక ఎల్ కొట్టేశాను. అప్పుడు "చేతులో" అయింది. అంతటితో సరిపెట్టుకున్నాం.

రిహార్సల్ మా హాల్లో. ఆయన మొదటి రోజే మా ఆయన్ని అడిగాడు, "ఈ డాక్టరు ఈ ఇంటికి రాకముందు ఎన్ని ఇళ్లు తిరిగాడు?"

"నాకేం తెలుసు? మీకున్నది ఒక్క డైలాగు."

"అందుకే అడుగుతున్నాను. డైలాగులు ఎక్కువున్నవాణ్ణి గురించి జనానికి అంతా తెలిసిపోతుంది. వీణ్ణి గురించి నేనొక్కణ్ణే తెలుసుకోవాలి."

ఆయన చేతుల భాష మా ఆయనకి అలవాటు లేదని నేను తెలుగులో చెప్పాను. మా ఆయన గడియారం చూసుకున్నారు. పెద్దాయన తనే నిర్ణయించుకున్నాడు: మూడు ఇళ్లు, పొద్దుట్నుంచి భోజనం లేదు, కుడి బూటు కరుస్తోంది.

సీను మొదలైంది. కొద్దిగా కుంటుతూ వచ్చాడు. మంచం మీద పడుకున్న ఆయన నాడి చూశాడు. చెయ్యి తీసుకెళ్లి దుప్పటి కింద పెట్టాడు. స్టెతస్కోపు మడిచి బ్యాగులో పెట్టి, బ్యాగు మూసి, దాని కొక్కెం బిగించాడు. ఆ తర్వాత కళ్లజోడు కోసం జేబులు తడుముకున్నాడు. కళ్లజోడు ముఖం మీదే ఉంది. వంటింటి గుమ్మంలో పకోడీల పళ్లెంతో నిలబడ్డ నాకు, ఆ తండ్రి ఇంక దక్కడనిపించింది. మంచం మీద పడుకున్నవాడు మా పక్క బ్లాకులో ఉండే ఇంజనీరు, నిక్షేపంలా ఉన్నాడు, రెండు పళ్లేలు పకోడీలు తిన్నాడు.

అప్పుడు పెద్దాయన డైలాగు చెప్పాడు. సన్నటి గొంతు, పాత గుడ్డ చింపినట్టు.

మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచారు. "యాక్షన్ బాగుంది. గొంతు మాత్రం లాభం లేదు. తెర వెనక నుంచి మైకులో మన పద్యాలాయన చెబుతాడు. నువ్వే చెప్పెయ్ ఆయనకి."

పద్యాలాయన అంటే మా అసోసియేషన్ ట్రెజరరు. ప్రతి ఫంక్షన్‌లోనూ పద్యం పాడేవాడు. గొంతు విప్పితే కప్పులు అదిరేవి.

ఎలా చెప్పాలో తెలీక రెండు రోజులు బస్సులో వాతావరణం గురించి మాట్లాడాను. మూడో రోజు చెప్పేశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"ఆ మనిషి లావా, సన్నమా?"

"లావే."

"అయితే మాట మొదలెట్టే ముందు గాలి ఎక్కువ పీలుస్తాడు. నేను నోరు ఆలస్యంగా తెరుస్తాను."

అంతే అన్నాడు. కానీ ఆ రోజు తన స్టాపులో దిగలేదు. మా స్టాపు దాకా వచ్చి, బెంచీ మీద కూర్చుని చెప్పాడు. మొదటి సినిమాలోనే ఆయన గొంతు పనికిరాదన్నారట. అక్కడ చాలా సినిమాలకి గొంతు తర్వాతే కలిపేవారు. ఇరవై ఏళ్లపాటు ఈయనకి ఒక్కడే గొంతిచ్చాడు. జనానికి ఈయన గొంతంటే అదే. బజార్లో ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తే, జవాబివ్వగానే వాళ్ల మొహం వాడిపోయేదట. అందుకని టోపీ ఎత్తి నవ్వి వెళ్లిపోయేవాడు. గొంతిచ్చినాయన్ని కలిసింది ఒకే ఒక్కసారి, కాఫీ హోటల్లో. "అతను కాఫీ తెమ్మన్నాడు. నేనే ఆర్డరిచ్చాననుకుని కప్పు అందుకున్నాను."

"ఇప్పుడెక్కడున్నారు ఆయన?"

"పోయాడు. అతను పోయాక రెండు సినిమాల్లో వేరే గొంతు పెట్టి చూశారు. ఇది నేను కాదని జనం అన్నారు. వేషాలు ఆగిపోయాయి. అమ్మాయి ఇక్కడికి రమ్మంది."

రెండు స్టాపుల దూరమే కదా అని ఆయన నడిచి వెళ్లిపోయాడు.

ఉగాది రోజు నేను తెర వెనక ప్రాంప్టింగ్. పక్కన పద్యాలాయన మైకు పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు కుంటుతూ వచ్చాడు. నాడి చూశాడు. చెయ్యి దుప్పటి కింద పెట్టాడు. బ్యాగు కొక్కెం బిగించిన టక్ మన్న చప్పుడు హాలంతా వినిపించింది. జేబులు తడుముకున్నాడు. తలెత్తి మా ఆయన వైపు చూసి నోరు తెరిచాడు.

ఏమీ వినిపించలేదు.

తిరిగి చూశాను. పద్యాలాయన రిహార్సల్స్‌కి ఒక్కరోజూ రాలేదు, ఈ సీను చూడటం అదే మొదలు. మైకు ఒళ్లో పెట్టుకుని కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. మోచేత్తో పొడిచాను. "పాపం, మంచి మనిషమ్మా ముసలాయన" అన్నాడు నాతో, మంచం మీది ఇంజనీరు గురించి.

స్టేజి మీద పెద్దాయన నోరు మూశాడు. బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. మళ్లీ నోరు తెరిచి, "ఇంక నా చేతులో ఏమీ లేదు" అని తనే చెప్పాడు.

ముందు వరసలోంచి, ఇక్కడే పుట్టిన ఒక ఆరేళ్ల పిల్ల గట్టిగా అంది. "మమ్మీ, డాక్టర్ తాత నాలాగా మాట్లాడుతున్నాడు!"

హాలంతా నవ్వులు. సరిగ్గా ఆ క్షణంలో మా ఆయన "నాన్నా!" అని మంచం మీద పడి ఏడవాలి. ఏడ్చారు. నవ్వులు ఇంకా పెరిగాయి. తండ్రి వేషం వేసినాయన దుప్పటి కూడా కదలడం నేను చూశాను.

పెద్దాయన తెర వెనక్కి వచ్చాడు. "వినిపించిందా?" అన్నాడు.

"చివరి వరస దాకా."

"అబద్ధం."

"ఐదో వరస దాకా."

"అది చాలు" అని కుర్చీలో కూర్చుని కుడి బూటు విప్పుకున్నాడు. పులిహోర తెచ్చిచ్చాను. కరివేపాకుతో సహా తినేశాడు. తింటూ మధ్యలో ఒక్కసారి ఆగి, ఆ డైలాగు తనలో తను మళ్లీ అనుకున్నాడు. మా ఆయన మర్నాడు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు మా వాళ్లు ఆయనకి నాలుగు పేజీల వేషం ఇస్తామన్నారు. కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. ఇన్ని మాటలున్న మనిషి గురించి కనిపెట్టడానికి ఇంకేముందన్నాడు. ఎనభై నాలుగులో కూతురికి ఫ్లోరిడాలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయారు. నేను అప్పటికి డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. దారి తప్పాను, అయినా ఫ్లైటు అందింది.

మూడేళ్లకి కూతురు ఉత్తరం రాసింది. మధ్యాహ్నం కునుకు తీస్తూ పోయారట. చొక్కా గుండీలన్నీ పెట్టే ఉన్నాయట. స్పెయిన్‌లో ఆయన పుట్టిన ఊరి పేపరులో వేశారంటూ వార్త కాపీ జతచేసింది. పైన ఫొటో. ఏదో సినిమాలోది, బిషప్పు దుస్తుల్లో ఉన్నాడు. కింద రెండు లైన్లు. ఆ రెండు లైన్లు చదవనివాళ్లు తమ ఊరి బిషప్పుగారే పోయారనుకుని పూలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లారట. బిషప్పుగారే తలుపు తీసి, పూలు తీసుకున్నారట.