పదకొండు నిమిషాల ఫిల్ము

ఆవిడకి అనుమానం ఎక్కువ. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూస్తేనే గానీ బస్సెక్కదు. గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూస్తుంది, చేతి గడియారాన్ని నమ్మక పక్కింటివాళ్ళని అడుగుతుంది. "మన పెళ్ళి ఫోటోలో ఉన్నది నేనేనా, అదీ చూసుకున్నావా?" అని భర్త వేళాకోళం చేస్తే, "చూశాలెండి, అప్పట్లో జుట్టుండేది" అంటుంది.

ఇలాంటి మనిషికి దొరకాల్సిన ఉద్యోగమే దొరికింది. బాయిలర్లు తయారుచేసే కార్ఖానాలో వెల్డింగు ఫిల్ములు చదవడం. డాక్టరు ఎముకల ఎక్స్‌రే చూసినట్టు ఆవిడ ఉక్కు అతుకుల ఎక్స్‌రే చూస్తుంది. కిటికీ లేని గది, లైటు పెట్టె, భూతద్దం, స్కేలు, ఇరవై రెండేళ్ళు. ఆవిడ సంతకం పడనిదే ఏ బాయిలరూ గేటు దాటదు. భోజనాల వేళ ఎదురుపడితే వెల్డర్లు మొహం చాటేస్తారు.

ఆ ఫిల్ములు తీసేది ఆవిడ తమ్ముడు. తల్లి పోయాక తల దువ్వి బడికి పంపింది ఆవిడే, ఈ పనిలో పెట్టించిందీ ఆవిడే. ఇప్పుడతనికి నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. ఆవిడ అనుమానించని మనిషి ఈ లోకంలో ఒక్కడుంటే అతనే.

ఈసారి వచ్చిన బాయిలరు గోడ మందం పది సెంటీమీటర్లు. అంత మందం దాటాలంటే కిరణాలు చిమ్మే కోబాల్టు గుళికని దాని పెట్టెలోంచి బయటికి తీసి, ఒక్కో ఫిల్ముకి నలభై ఐదు నిమిషాలు ఆగాలి. ఆ సేపంతా షెడ్డులో పురుగు కూడా ఉండకూడదు. ముప్ఫై మంది బయట నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే ఫోర్మను పళ్ళు నూరుకునేవాడు.

సోమవారం ఎనిమిది ఫిల్ములొచ్చాయి. నలుపు సరిపోయింది, బొమ్మ స్పష్టతకి పరీక్షగా అతుకు మీద పెట్టే తీగల బిళ్ళలో అన్నిటికన్నా సన్నతీగ కనబడింది. ఆవిడ సంతకం పెట్టేసింది. మంగళవారం పొద్దున ఫోర్మను తలుపు దగ్గర నిలబడి, "మేడం, మీ తమ్ముడు మామూలోడు కాదండీ! నలభై ఐదు నిమిషాల పని పదకొండు నిమిషాల్లో తేల్చేస్తున్నాడు" అన్నాడు. మొహం చేటంత చేసుకుని వెళ్ళిపోయాడు.

ఉక్కు పల్చబడలేదు, ఎక్కువ బలమున్న కొత్త గుళికా రాలేదు. మరి ముప్ఫై నాలుగు నిమిషాలు ఎక్కడికి పోయాయి?

తమ్ముణ్ణి పిలిచి అడిగింది.

"కొత్త రకం ఫిల్మక్కా. వేగంగా పడుతుంది" అన్నాడతను, చేతిలో హెల్మెట్టు వంక చూస్తూ.

హెల్మెట్టు వంక ఎందుకు చూశాడు? అతను వెళ్ళగానే తలుపు గడియ పెట్టి సోమవారం ఫిల్ము లైటు మీద పరిచింది. వేగమైన ఫిల్ము మీద బొమ్మ గరుగ్గా ఉంటుంది, ఇసక చల్లినట్టు. ఇది నున్నగా ఉంది, ఎప్పుడూ వాడే ఫిల్మే. అబద్ధం ఒకటి తేలింది.

అబద్ధం ఒక్కటే ఎందుకుంటుంది? అతుకు మీద, గుళిక ఉన్న వైపు, గుర్తు కోసం సీసపు అంకెలు అంటిస్తారు. ఒక్కో అంకె ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లు. పాత దూరం నుంచి తీస్తే వాటి నీడ గోడకి అవతల ఉన్న ఫిల్ము మీద పద్నాలుగుకి కాస్త తక్కువ పడుతుంది. స్కేలు పెట్టింది. పదహారు. దీపం దగ్గరికొచ్చిన కొద్దీ నీడ పెరుగుతుంది కదా. గుళికని సగం దూరానికి లాక్కొచ్చాడన్నమాట. దూరం సగమైతే సమయం నాలుగోవంతు.

కానీ దగ్గర నుంచి తీస్తే నీడ అంచులు అలుక్కుపోతాయి, సన్నటి పగులు మాయమవుతుంది. అందుకే కదా తీగల బిళ్ళ పెట్టేది! ఏడు తీగలూ గుళిక వైపే ఉండాలి, బొమ్మ మసకైతే ముందు సన్నతీగే పోవాలి. మరిక్కడ ఎందుకు పోలేదు? తీగ పొడవు కొలిచింది. ఇరవై ఐదు మిల్లీమీటర్లు, ఉన్నదున్నట్టు, వెంట్రుకవాసి పెరగలేదు. బిళ్ళని తీసుకెళ్ళి అటువైపు, ఫిల్ముకే ఆనించి పెట్టాడు. ఫిల్ముకి తగిలి ఉన్న తీగ ఎలా తీసినా స్పష్టంగానే పడుతుంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడుపూ వచ్చింది. రేపు ఆ బాయిలరు నిండా ఆవిరి, పక్కన మనుషులు. చెబితే తమ్ముడి లైసెన్సు పోతుంది, చెప్పకపోతే ఎవరి ప్రాణం పోతుందో తెలియదు.

మళ్ళీ పిలిచింది. స్కేలు, ఫిల్ము ముందు పెట్టింది.

"ఫోర్మను రోజూ మీద పడుతుంటే ఏం చెయ్యమంటావక్కా? అయినా తీగ కనిపించిందిగా."

"కనిపించేలా పెట్టావు కాబట్టి కనిపించింది. నా కళ్ళు కూడా కప్పుతావా?"

"పట్టుకుంటావేమోనని ఆ రోజంతా భయపడి చచ్చాను. నువ్వు స్కేలు కూడా తియ్యకుండానే సంతకం పెట్టేశావు" అన్నాడు.

నిజమే. అదే ఫిల్ము మరొకడు తెచ్చుంటే నాలుగుసార్లు కొలిచేది.

"ఎనిమిదీ మళ్ళీ తియ్యి. పాత దూరం, నలభై ఐదు నిమిషాలు. బిళ్ళ నా కళ్ళ ముందు పెట్టు."

ఫోర్మను ఒంటికాలి మీద లేచాడు. ఆవిడ వినిపించుకోలేదు. బిళ్ళ చూసుకుని, తాడు కట్టిన హద్దు బయట అందరితోపాటు రెండు రోజులు నిలబడింది.

ఆరో ఫిల్ము లైటు మీద పెట్టగానే గీత కనబడింది. అతుకు అంచు వెంట, వేలెడు పొడవున, నల్లగా. లోహం కలవని చోటు. సోమవారం ఫిల్ము పక్కన పెట్టి చూసింది. అక్కడ బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

తమ్ముడు వెనక నిలబడి చూశాడు. "నా పేరు చెప్పెయ్యక్కా" అన్నాడు మెల్లగా.

"చెప్తాను. ముందు నాది చెప్పాలి. నువ్వు తీసిన ఫిల్ములో గీత లేదు. నేను పాస్ చేసిన అతుకులో ఉంది."

సోమవారం తను సంతకం పెట్టిన కాగితం చేత పట్టుకుని, తలుపు తీసి ఫోర్మనుని కేకేసింది.