బోరు నీళ్ళు పోసింది నేనే

గురువారం ఉదయం ఆరూ నలభైకి ఖమ్మంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉస్తాద్ చనిపోయారు. గుండెపోటు. వయసు అరవై ఒకటి. కొత్తగూడెంలో జీపులు, కార్లు బాగుచేసే షెడ్డు ఆయనది. అందరికీ ఆయన ఉస్తాదే; పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆ సాయంత్రం నమాజు తర్వాత ఖననం జరిగింది. వచ్చినవాళ్ళలో సగానికి పైగా డ్రైవర్లు.

నాకు ఆయనతో పరిచయం నేను రాసిన ఒక తప్పు వార్త వల్ల కలిగింది.

నాలుగేళ్ళ కిందటి మే నెల. ములకలపల్లి వైపు అడవి పల్లె నుంచి ఒక నిండు గర్భిణిని కొత్తగూడెం తీసుకొస్తున్న కిరాయి జీపు మధ్యాహ్నం పూట దారిలో ఆగిపోయింది. రేడియేటర్ పొంగి ఇంజన్ పట్టేసింది. ఇంకో బండి దొరికేసరికి రెండు గంటలు పట్టింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. జీపు యజమాని చెప్పిన మాట పట్టుకుని, డ్రైవర్ నిర్లక్ష్యమే కారణమని రాశాను. డ్రైవర్‌ను అడగలేదు.

మూడో రోజు ఉస్తాద్ ఖమ్మంలో మా పత్రిక ఆఫీసుకు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మీరు రాసిన దాంట్ల తప్పుంది. బోరు నీళ్ళు పోసింది నేనే."

"బండి సంగతి డ్రైవర్ చూసుకోవాలి కదా" అన్నాను.

"చూసుకున్నడు. రెండుసార్లు నా కాడికొచ్చిండు. నేనే తర్వాత రమ్మన్న."

జరిగింది ఇది. అంతకు ముందు ఏడు శ్రీరామనవమికి భద్రాచలం కిరాయిలు ఊపిరాడనివ్వకుండా ఉన్నాయి. కారుతున్న రేడియేటర్‌కు ఉస్తాద్ మాట్లు వేశారు. ఇంజన్ వేడెక్కకుండా రేడియేటర్‌లో పోసే కూలెంట్ షెడ్డులో ఉంది, దాన్లో కలపాల్సిన డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. డ్రైవర్ తొందరపెట్టాడు. "వారంలో రా, మార్చుకుందాం" అని పక్కనున్న బోరు నీళ్ళు నింపి పంపారు. డ్రైవర్ చెప్పినట్టే వారానికి వచ్చాడు, దసరా ముందు మళ్ళీ వచ్చాడు. రెండుసార్లూ షెడ్డు నిండా బండ్లు. ఏడాది పైగా ఆ జీపు బోరు నీళ్ళ మీదే తిరిగింది. జీపు ఆగిపోయాక ఉస్తాద్ ఆ రేడియేటర్ విప్పి చూశారు. గొట్టాల్లో సగం సున్నంతో మూసుకుపోయి ఉన్నాయి.

సవరణ రాశాను. లోపలి పేజీలో, అడుగున రెండు లైన్లుగా వచ్చింది. వార్త చదివినవాళ్ళు దాన్ని చదవలేదు. యజమాని డ్రైవర్‌ను తీసేశాడు. కొత్తగూడెం స్టాండులో ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. "బిడ్డ చచ్చిపోయిన జీపు డ్రైవర్" అనేవాళ్ళు. ఉస్తాద్ ఆ యజమాని ఇంటికి రెండుసార్లు వెళ్ళి నిజం చెప్పారు. "నీ మనిషిని కాపాడుకుంటున్నవ్" అని అతను నవ్వాడట. చివరికి డ్రైవర్‌ను తన షెడ్డులోనే పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఉస్తాద్ పని తీరు మారింది. డిస్టిల్డ్ వాటర్ లేకపోతే బండిని బయటికి వదిలేవారు కాదు. డబ్బాలు వచ్చేదాకా తాళంచెవి ఆయన జేబులోనే. కొత్తగా వచ్చిన డ్రైవర్ ఎవరైనా వాదిస్తే, స్టీలు గిన్నెలో బోరు నీళ్ళు పోసి స్టవ్ మీద ఇగిరిపోయేదాకా మరిగించేవారు. అడుగున తెల్లటి పెచ్చు కట్టేది. మేకు ఇచ్చి గీకమనేవారు. ఒకరోజు నా ముందే ఒకతను ఎగతాళి చేశాడు.

"ఏంది ఉస్తాద్, కూలెంట్ మంచు దేశాల మందు. కొత్తగూడెంల మంచు కురుస్తదా?"

"మంచు లేదు, తుప్పు లేదా? ఎండల నీళ్ళు జల్దీ మరుగుతయ్. కూలెంట్ కలిస్తే గంత జల్దీ మరగయ్. ముందు గిన్నె గీకు."

"గీకుత గానీ, చాయ్ అయితే పోయ్."

"గీ గిన్నెలనే పోస్త, తాగుతవా?"

నేనూ ఒక తప్పు చేశాను. సెకండ్‌హ్యాండ్ కారు కొన్న కొత్తలో, ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకుని నీళ్ళు కలపకుండా డబ్బా కూలెంట్ అంతా పోశాను. ఆయన సగం దించేశారు. "ఉత్త కూలెంట్ వేడి మొయ్యది సార్. సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్. పచ్చది పోసినంక ఎర్రది కలపకుండ్రి" అన్నారు. దించే ముందు ఇంజన్ చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోనివ్వలేదు. గంటసేపు ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఆ గంటలో ఆ బిడ్డ గురించి ఆయన మాట్లాడింది ఒక్కసారే. ఆడపిల్లట, అన్నారు.

గత నెల కొత్తగూడెంలోని ఒక ఆసుపత్రి రోగులను తీసుకొచ్చే వ్యాన్‌కు డ్రైవర్ కావాలని ప్రకటించింది. ఉస్తాద్ షెడ్డులో ఉన్న ఆ డ్రైవర్ దరఖాస్తు పెట్టాడు. పాత వార్త వాళ్ళకూ తెలుసు. సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఇంటర్వ్యూకు వచ్చి చెబితే వింటామన్నారు. చనిపోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం ఉస్తాద్ నాకు ఫోన్ చేశారు.

"సోమవారం నేను పోతున్న సార్. మీరు గూడ రావాలె. రాసింది మీరు, పోసింది నేను. ఇద్దరం చెప్తే వింటరు."

"సోమవారం మీటింగ్ ఉంది ఉస్తాద్, చూస్తాను" అన్నాను.

"చూడుండ్రి" అని పెట్టేశారు. అదే చివరి మాట.

ఖననం రోజున డ్రైవర్ నా దగ్గరికి వచ్చాడు. సోమవారం సంగతి ఎత్తలేదు. ఉస్తాద్ షెడ్డు తాళంచెవులు ఆయన భార్యకు ఇచ్చేశానని మాత్రం చెప్పాడు. మీటింగ్‌కు రానని ఆఫీసులో చెప్పేశాను.

ఇంటర్వ్యూ సోమవారం ఉదయం పది గంటలకు. నేను ఏడింటి బస్సుకు ఖమ్మం నుంచి బయల్దేరుతున్నాను. ఆయన వంతు మాట కూడా నేనే చెప్పాలి. వస్తున్నానని ఫోన్ చేస్తే, డ్రైవర్ తొమ్మిదిన్నర నుంచి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఉంటానన్నాడు.