గీత దిగిన నీళ్లు

నిల్దా ముప్ఫై ఒక్క ఏళ్లు మోంటెవిడియో సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసింది. టికెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి ఒక్కణ్ణి కూడా వదల్లేదు. "దిగు నాయనా, నడిస్తే తిన్నది అరుగుతుంది" అనేది. పెళ్లికి పోతున్న పెళ్లికొడుకుని కూడా దింపేసిందని లా తేహా పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజమే. పదేళ్ల తర్వాత ఆ మనిషే మళ్లీ ఆమె బస్సెక్కి, "ఆరోజు ఇంకో నాలుగు స్టాపుల ముందే దింపి ఉంటే నా బతుకు బాగుపడేదమ్మా" అన్నాడట.

అలాంటి మనిషి డెబ్బయ్యో ఏట దొంగతనం చేసింది. దొంగిలించింది నీళ్లు. అవీ తన ఇంట్లోవే, తన స్నానాలగదిలోవే.

రిటైరయ్యాక నిల్దా, పెళ్లి చేసుకోని అక్క ఓల్గా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఓల్గా పోయి రెండు చలికాలాలయ్యాయి. రోజుకి వెయ్యి మొహాలు చూసిన మనిషికి ఇప్పుడు మిగిలింది బేకరీ పిల్ల మొహం ఒక్కటే. ఆ పిల్ల కూడా రొట్టె చేతిలో పెట్టేసి, "తర్వాత ఎవరు?" అంటూ నిల్దా భుజం మీదుగా వెనకవాళ్లని చూస్తుంది. సాయంత్రం నాలుగింటికి నిల్దా నీళ్లు కాచి, కాయబుర్రలో ఆకు నింపి, పీల్చే గొట్టం గుచ్చి మాతే కలుపుకుంటుంది. మాతే నలుగురి మధ్య తిరగాల్సిన వస్తువు. ఒకరు పోస్తారు, ఒకరు తాగి బుర్ర వెనక్కి ఇస్తారు, మళ్లీ పోసి ఇంకొకరికి ఇస్తారు. ఇక చాలనుకున్నవాళ్లు బుర్ర ఇచ్చేటప్పుడు థాంక్స్ చెప్తూ "గ్రాసియాస్" అంటారు. అంటే వాళ్లకి ఇక పొయ్యరు. నిల్దా ఇంట్లో పోసేదీ ఆమే, తాగేదీ ఆమే. ఆ మాట అనే మనిషే లేక, ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా తాగుతూ కూర్చునేది.

మే నెలలో ఒకరోజు ఇనప స్నానపు తొట్టి గోడ దాటబోయి జారిపడింది. రెండు గంటలు నేల మీద పడి ఉంది. ఎవరికీ తెలియలేదు. మోకాలి దెబ్బ కంటే ఆ సంగతే ఎక్కువ నొప్పి పెట్టింది. తొట్టి తీసేయించి, నేల మీదే నిలబడి స్నానం చేసేలా షవరు గచ్చు వేయించుకోవాలని అప్పుడే అనుకుంది.

వాల్దెమార్ మేస్త్రీ అలా వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట పొదుపు. గదంతా కొలిచి, కాళ్లు కడుక్కునేందుకు కాదు, మరోటి కడుక్కునేందుకు ఉన్న పింగాణీ బిడే వైపు చూశాడు.

"దీన్ని తీసేస్తే షవరు పెద్దదవుతుందమ్మగారూ."

"నన్ను తీసెయ్యండి మేస్త్రీ, దాన్ని మాత్రం ముట్టుకోకండి."

"అయితే చిన్న షవరే."

"చిన్నదే చాలు. అందులో నేను డాన్సు చెయ్యబోతున్నానా?"

అతను నవ్వలేదు కానీ మూతి కొంచెం కదిలింది. ఆ కదలిక నిల్దాకి మూడు రోజులు సరిపోయింది.

ఇంట్లో చప్పుడు మొదలైంది. సుత్తి దెబ్బలు, బకెట్ల మోత, మేస్త్రీ దగ్గు. నిల్దా గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని చూసేది. ఇసుక, సిమెంటు కలిపి, అతను నీళ్లు చిలకరించినట్టు పోసేవాడు. పిడికిట బిగిస్తే ముద్ద కట్టాలి, అరచేయి మాత్రం తడవకూడదు. "ఇంకో గరిటెడు నీళ్లు పడితే పాడైపోతుంది" అని ముద్దని ఆమె చేతిలో పెట్టి చూపించాడు. ఆ ముద్దని గచ్చంతా పరిచి, నీళ్లు పోయే కన్నం వైపు వాలు తీశాడు. అది గట్టిపడ్డాక దాని మీద నీరు దిగని నల్లటి పూత మూడుసార్లు పూశాడు. పది గంటలకి ఆమె మాతే ఇస్తే ఒక్కటి తాగి, "గ్రాసియాస్" అని బుర్ర చేతికిచ్చేవాడు. ఒక్కటే! రెండోది పొయ్యడానికి ఫ్లాస్కు వంచిన చెయ్యి అలాగే ఆగిపోయేది.

పూత ఆరాక కన్నానికి బిరడా కొట్టి, నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు.

"ఇరవై నాలుగు గంటలు. నీళ్లు గీత దిగకపోతే ఎల్లుండి నుంచి టైల్స్. వారంలో మీకు నా పీడ విరగడవుతుంది" అన్నాడు.

నిల్దా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. మర్నాడు ఏడింటికి, అతను రావడానికి గంట ముందు, పాల జగ్గు తీసుకుని గదిలోకి వెళ్లింది. తొమ్మిది జగ్గులు తోడి పెరట్లో పూలకుండీల్లో పోసింది. నీళ్లు గీతకి వేలెడు దిగాయి. జగ్గు తుడిచి అలమారలో పెట్టేసింది. సిగ్గేసింది. అయినా సంతోషంగానే ఉంది, అది దాచి చెప్పడం ఎందుకు?

వాల్దెమార్ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"నలభై ఆరేళ్లలో నా గచ్చు ఒక్క బొట్టు కూడా మింగలేదు" అన్నాడు, ఆమెతో కాదు, గోడతో.

నీళ్లు తీసేసి, మూలలన్నీ గీకి మళ్లీ పూత వేశాడు. రోజుకో పూత చొప్పున మరో మూడు రోజులు. ఆ మూడు రోజులూ నిల్దాకి పండగే. వాన పడితేనే తోర్తా ఫ్రీతా పూరీలు వేయించే ఊళ్లో ఆమె పట్టపగలు ఎండలో పిండి కలిపి వేయించింది. "వాన ఎక్కడమ్మగారూ?" అంటే, "వస్తుంది, తినండి" అంది. తింటూ ఒకరోజు అతను తన గది సంగతి చెప్పాడు. సెర్రో గుట్ట మీద ఒక్కడే ఉంటాడట. పనికి వచ్చేటప్పుడు రేడియో ఆపడట. "తలుపు తీసేసరికి ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు కదా" అన్నాడు. ఆరోజు రెండు మాతేలు తాగాకే గ్రాసియాస్ అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రెండోసారి నీళ్లు నింపిన మర్నాడు నిల్దా మళ్లీ జగ్గు తీసింది. ఈసారి ఐదే తోడింది. తక్కువ తోడితే తక్కువ పాపమనుకుంది కాబోలు.

వాల్దెమార్ గీతని చూశాడు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత పెరట్లోకి పోయి ఫోన్ చేశాడు. వంటింటి కిటికీ లోంచి నిల్దాకి ప్రతి మాటా వినపడింది.

"రుబెన్, ఆ స్కూలు స్నానాలగదుల పని ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. లేదు, ఒంట్లో బాగానే ఉంది. చెయ్యే పోయింది. తెలియడం లేదు నాకు, ఎక్కడ తప్పు చేస్తున్నానో. పిల్లలు తిరిగే చోట నా గచ్చు వద్దు."

లోపలికి వచ్చి సుత్తి, ఉలి తీశాడు.

"మొత్తం పగలగొట్టి ఇంకో మేస్త్రీని పిలుస్తానమ్మగారూ. క్షమించండి."

సుత్తి పైకి లేచింది. నిల్దా మోకాలి నొప్పి మర్చిపోయి ఆ నీళ్లలోకి దిగి నిలబడింది, చెప్పులతోనే.

"కొట్టకండి! గచ్చు బాగానే ఉంది. నీళ్లు నేనే తోడాను."

"ఏంటి?"

"పాల జగ్గుతో. మొదటిసారి తొమ్మిది, నిన్న నింపినవాటిలో ఐదు. కుండీల్లో పోశాను, వెళ్లి చూసుకోండి, మట్టి బురదై ఉంటుంది."

"ఎందుకు?"

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ ప్రశ్న ఆమె అడిగింది, ఎదుటివాళ్లు నీళ్లు నమిలారు.

"పనైపోతే మీరు వెళ్లిపోతారుగా" అంది చివరికి.

వాల్దెమార్ మొహం ఎర్రబడింది. "మూడు రాత్రులు నిద్రపోలేదు నేను! మా నాన్న నేర్పిన చెయ్యి ఇది. నాకున్నది ఇదొక్కటే. మీరు దాన్ని జగ్గుతో తోడి పారబోశారా?"

"రుబెన్‌కి నేను ఫోన్ చేసి చెప్తాను."

"ఏమని చెప్తారు? ముసలమ్మ నీళ్లు దొంగిలించిందనా? బయటికి రండి ముందు, పూత చిరిగిపోతుంది!"

ఆమెని చెయ్యి పట్టి బయటికి తెచ్చాడు. పూత అంతా వేళ్లతో తడిమి చూసి, నీళ్లు మళ్లీ నింపి కొత్త గీత గీశాడు. గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"మరి నాకు అవసరం పడితే?"

"పెరట్లో చిన్న దొడ్డి ఉందిగా. మీ మాట మీద నాకిక నమ్మకం లేదు."

మర్నాడు ఎనిమిదింటికి తాళం తీశాడు. నీళ్లు గీతని అంటుకునే ఉన్నాయి, వెంట్రుకవాసి కూడా దిగలేదు. అతను ఒక వేలు ముంచి, తడి వేలిని కాసేపు చూసుకుని, ప్యాంటుకి తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడేమో, నిల్దా చూడలేదు, తల వంచుకుని ఉంది. అతను రుబెన్‌కి ఫోన్ చేశాడు. స్కూలు పని అప్పటికే మరొకరికి వెళ్లిపోయింది.

తర్వాత వారం అతను టైల్స్ వేశాడు. తెల్లవి, మధ్యలో ఒక వరస నీలం. మాతే ఇస్తే వద్దని తల ఊపాడు. భోజనం బయటే తిన్నాడు. నిల్దా స్టూలు గుమ్మం దగ్గర వేసుకోవడం మానేసి వంటింట్లో కూర్చుంది. మనిషి ఇంట్లో ఉండగా ఒంటరిగా ఉండటం అంతకుముందు ఆమెకి తెలియదు. ఖాళీ ఇంటి కంటే అది ఘోరం.

చివరి రోజు సామాను సర్దుకుని అతను గుమ్మంలో నిలబడ్డాడు. నిల్దా ఏమైతే అదయిందని మాతే కలిపి తెచ్చింది. అతను బుర్ర అందుకున్నాడు. చప్పుడయ్యేదాకా పీల్చాడు. బుర్ర వెనక్కి ఇచ్చాడు. ఆ మాట కోసం ఆమె చెవులు రిక్కించింది.

అతను ఆ మాట అనలేదు.

"ఇంకోసారి మనిషి కావాలంటే ఫోన్ చెయ్యండి" అన్నాడు. "గచ్చు మీద నింద వెయ్యకండి."

"చేసి ఏమనాలి?"

"నీళ్లు కాగాయి అనండి. చాలు."

బస్టాపు వైపు వెళ్లిపోయాడు. నిల్దా పదకొండు రోజులు ఫోన్ ముట్టుకోలేదు. దొంగతనం సులువుగానే చేసింది కానీ, అడగడం చేతకాలేదు. కొత్త షవరు కింద నిలబడితే నీళ్లు వాలు వెంట చక్కగా కన్నంలోకి పోయేవి. ఒక్క బొట్టు కూడా నిలవకుండా పోయేవి. ఆమెకి ఏడుపొచ్చేది.

పన్నెండో రోజు నాలుగింటికి నంబరు నొక్కింది. అవతల ముందు రేడియో గొంతు వినపడింది, తర్వాత అతనిది.

"నీళ్లు కాగాయి" అంది నిల్దా. బస్సు నిండా వినపడేలా అరిచిన గొంతు, ఆ రెండు ముక్కలకి పీలగా వచ్చింది.

అవతల రేడియో ఆగిపోయింది.

"వస్తున్నా" అన్నాడు వాల్దెమార్. "ఆ జగ్గు మాత్రం నాకు కనపడనివ్వకండి."